హైస్కూల్ అమ్మాయిల ఫుట్‌బాల్: ఎనిమిదో తరగతి దాటాక టీం ఎందుకు ఖాళీ అవుతోంది?

ఇందూరు_పీఈటీ (ప్రశ్న)

నిజామాబాద్ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్. ఫుట్‌బాల్‌కి వస్తున్న అమ్మాయిలు 24 మంది. ఆరు, ఏడు తరగతుల వాళ్లు 17, ఎనిమిదిలో 5, తొమ్మిదిలో 2, పదిలో సున్నా. ఎక్కడ జారిపోతున్నారో అంకెలే చెప్తున్నాయి.

ఉన్నవి: మొరం గ్రౌండ్, మూడు బంతులు (ఒకటి సగం గాలి), కోన్లకు బదులు ఇటుక ముక్కలు. గోల్‌పోస్టులు లేవు. ఊళ్లో ఎవరూ వద్దనరు, అట్లని ఎవరూ చెయ్యీ వెయ్యరు. సాయంత్రం మగపిల్లల క్రికెట్‌తో గ్రౌండ్ పంచాయితీ ఉండనే ఉంది.

పెద్ద క్లాసు పిల్లలు ఆగిపోకుండా ఏం చేయాలి, ఊరి సాయం ఎవరి దగ్గర ఎట్లా అడగాలి, 30 వేలలోపు ఏమేం సమకూర్చుకోవచ్చు? పిల్లలకు ఆదర్శంగా ఎవరిని చూపించాలన్నది కూడా చెప్పండి. గోడ మీద సైనా, సింధు పోస్టర్లు ఉన్నాయి గానీ ఫుట్‌బాల్ ఆడే ఆడమనిషి పేరు ఒక్కటీ పిల్లలకు తెలియదు. "బాగా ప్రోత్సహించండి సార్" లాంటి జవాబులు వద్దు, పనికొచ్చేది చెప్పండి.

---

సెంటర్‌బ్యాక్_కరీంనగర్

17, 5, 2, 0. ఈ వరస మీ ఒక్క బడిదే కాదు, దాదాపు ప్రతి ఊళ్లోనూ ఇంతే. కారణం ఆట మీద మోజు తగ్గడం మాత్రం కాదు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి నాలుగు సమస్యలు ఒకేసారి మీద పడతాయి: ఇంటికి చేరే టైం, బట్టలు, బాత్రూం, ట్యూషన్. వీటిలో ఏ ఒక్కటి తేలకపోయినా అమ్మాయి రావడం మానేస్తుంది. అడిగితే మాత్రం "కాలు నొస్తుంది సార్" అంటుంది.

ముందు టైం సంగతి. డిసెంబర్ మొదట్లో మన దగ్గర 5.40 కల్లా పొద్దు గూకుతుంది. బడి 4.15కి వదిలితే 4.25కి మొదలుపెట్టి 5.20కి ఖచ్చితంగా ఆపేయండి. "ఇంకో అయిదు నిమిషాలు" అన్న మాటే వద్దు. ఇంట్లో తల్లి లెక్కపెట్టేది గోల్స్ కాదు, గుమ్మంలోకి వచ్చిన టైం. రెండు వారాలు వరసగా చెప్పిన టైంకి ఇల్లు చేరితే సగం అభ్యంతరాలు వాటంతటవే పోతాయి. ఒక్కసారి ఆరున్నర అయిందంటే మూడు నెలల నమ్మకం గంగలో కలుస్తుంది.

ఇళ్లకు పంపేటప్పుడు వాడల వారీగా జట్లు చేయండి. తండా వైపు ఆరుగురు, ఎస్సీ కాలనీ వైపు అయిదుగురు, ఇట్లా. ప్రతి జట్టులో పెద్ద క్లాసు అమ్మాయి ఒకరు ఉండాలి. చివరి పిల్ల ఇల్లు చేరాక ఆ అమ్మాయి ఇంటి ఫోన్ నుంచి పేరెంట్స్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టాలి. ఆ గ్రూపులో ప్రతి ఇంటి నుంచి ఒక పెద్దమనిషి, హెడ్‌మాస్టర్, ఇంకో లేడీ టీచర్ ఉండాలి. కోచ్ నుంచి అమ్మాయికి విడిగా మెసేజ్‌లు, కాల్స్ అసలే వద్దు. ఈ నియమం కాగితం మీద రాసి మొదటి రోజే తల్లిదండ్రులకు చదివి వినిపించండి. అడగకముందే చెప్పిన నియమానికి ఉండే విలువ వేరు.

పదో తరగతి వాళ్లకు సాయంత్రం స్పెషల్ క్లాసులు మొదలయ్యాక రోజూ రమ్మంటే ఎవరూ రారు. వాళ్లకు వేరే పని ఇవ్వండి: వారానికి రెండు రోజులు, 40 నిమిషాలు, ఆరో తరగతి పిల్లల వార్మప్ నడిపించడం, శనివారం మ్యాచ్‌కి విజిల్ ఊదడం. ఆట పూర్తిగా వదిలేయడం కన్నా ఇది నయం. ఆదర్శంగా ఎవరిని చూపించాలన్న మీ ప్రశ్నకి కూడా వీళ్లే జవాబు. కింద ఎవరో ఆ సంగతి ఎత్తుతారు కాబట్టి ఇక్కడ ఆపుతున్నా.

---

మైదానం_మేస్త్రి

వస్తువుల సంగతి నేను చెప్తా. 30 వేలు సరిపోతాయి, దుబారా లేకపోతే.

మొదట కొలతలు. పదకొండు మంది ఆటకి గోల్ 7.32 మీటర్ల వెడల్పు, 2.44 ఎత్తు. మీకది వద్దు. 13 ఏళ్ల గోల్‌కీపర్ ఎగిరినా పైబారు అందదు, తల మీదుగా పోయే ప్రతి బంతీ గోలే, చివరికి కీపింగ్‌కి ఒక్కరూ ఒప్పుకోరు. ఏడుగురి ఆటకి 3.66 వెడల్పు, 1.83 ఎత్తు పెట్టుకోండి. గ్రౌండ్ 55 మీటర్ల పొడవు, 37 వెడల్పు చాలు.

గోల్ ఊళ్లో వెల్డర్ చేసేస్తాడు. ఇంచున్నర జీఐ (జింకు పూత ఇనుప) పైపు, మీడియం క్లాసు. పైపు 6 మీటర్ల పొడవు వస్తుంది, ఒక్కో గోల్‌కి మూడు. కోత ఇట్లా:

మొదటి పైపు: 3.66 (పైబారు) + 2.14 (వెనక ఏటవాలు కాలు).
రెండో పైపు: 3.66 (నేల మీద వెనక బారు) + 2.14 (రెండో ఏటవాలు కాలు).
మూడో పైపు: 1.83, 1.83 (ముందు నిలువు కాళ్లు) + 1.10, 1.10 (నేల మీద పక్క బార్లు).

ఒక్కో పైపులో మిగిలేది 20 సెంటీమీటర్ల లోపే. వెల్డింగ్ అతుకులు గ్రైండర్‌తో నున్నగా రుద్దించండి. తెల్ల పెయింట్ కన్నా ముందు జీఐకి సరిపడే ప్రైమర్ ఒక పూత పడాలి, లేకపోతే ఒక వానాకాలం గడిచేసరికి పొలుసులు పొలుసులుగా లేస్తుంది. నెట్ కట్టడానికి ఇనుప కొక్కేలు వెల్డ్ చేయించొద్దు, చేతులు చీరుకుంటాయి. నైలాన్ తాడుతో కట్టేయండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇట్లాంటి గోల్ 60 కిలోల పైనే బరువుంటుంది. పైబారు పట్టుకుని ఒక పిల్ల ఊగితే మొత్తం ముందుకు పడుతుంది. ఇట్లా మోసుకెళ్లి పెట్టుకునే గోల్‌పోస్టులు మీద పడి పిల్లల ప్రాణాలు పోయిన సంఘటనలు చాలా దేశాల్లో ఉన్నాయి. వెనక బారు మీద 50 కిలోల ఇసుక బస్తాలు రెండు, దానికి తోడు 60 సెంటీమీటర్ల యాంగిల్ మేకులు నాలుగు నేలలోకి. ఆట అయ్యాక రెండు గోల్స్‌నీ ముఖం నేలకి వచ్చేలా బోర్లించి గొలుసు వేయండి. ఇది రోజూ చేయాల్సిన పని, ఇవాళ్టికి పర్లేదులే అనుకునేది కాదు.

గీతలకి సున్నం వాడొద్దు. చెమట తగిలితే చర్మం మండుతుంది, పొడి కంట్లో పడితే మరీ ప్రమాదం. రాతి ముగ్గు చాలు, వాకిట్లో వేసేదే. బియ్యప్పిండి కలిసిన ముగ్గయితే చీమలు పట్టి తెల్లారేసరికి గీత సగం మాయం. ఈ సైజు గ్రౌండ్ మొత్తానికి 12 నుంచి 15 కిలోలు పడుతుంది. మూలలు లంబకోణంలో రావడానికి తాడు మీద ఒక కొస నుంచి 9, 12, 15 మీటర్ల దగ్గర ముడులు వేసుకోండి. 9 ఒక గీత వెంట, 12 ఇంకో గీత వెంట, 15 ఐమూలగా కలిస్తే మూల కరెక్టుగా వచ్చినట్టు. మేస్త్రీలు ఇంటి పునాదికి పట్టే 3-4-5 లెక్కే ఇది.

బంతులు: ఆరు, ఏడు తరగతులకు 4వ సైజు, 13 దాటినవాళ్లకు 5. ఇద్దరికొకటి లెక్కన 12 ఉండాలి. 4వ సైజు 7, 5వ సైజు 5 తీసుకోండి. మొరం నేలకి మెత్తటి మెరుపు బంతులు నెలన్నర కూడా ఆగవు. గరుకు రబ్బరు పైపొర ఉన్నవి, నివియా, కాస్కో లాంటి వాటిలో మామూలు రకం, 500 నుంచి 800లో వస్తాయి. పల్లేరుకాయలు, తుమ్మ ముళ్లు వారానికోసారి ఏరించండి, బ్లాడర్ పోయేది ఎక్కువగా వాటివల్లే. గాలి కొట్టేటప్పుడు సూదిని తడపకుండా గుచ్చితే వాల్వ్ రబ్బరు చినుగుతుంది, ఆ తర్వాత ఎంత కొట్టినా రాత్రికి రాత్రే దిగిపోతుంది. మీ సగం గాలి బంతి జబ్బు కూడా అదే అయి ఉంటుంది. ఒక చుక్క గ్లిజరిన్, లేదంటే నీళ్లు చాలు. నిబంధనల్లో ఒత్తిడి 8.5 నుంచి 15.6 పీఎస్‌ఐ దాకా రాసి ఉంటుంది. గట్టి నేల మీద పిల్లలకి కింది అంచుకి దగ్గరగా ఉంచండి, లేకపోతే బంతి మోకాలెత్తు ఎగురుతూ ఎవరికీ అదుపులోకి రాదు.

నా లెక్క: గోల్స్ రెండు నెట్లతో కలిపి 13 నుంచి 14 వేలు (పైపు రేటు చూసుకోండి), బంతులు 8 వేలు, షిన్ గార్డులు (మోకాలి కింద ముందు ఎముకకి కాపు) 16 జతలు 3 వేలు, రెండు రంగుల బిబ్బులు (జట్లు తేడా తెలియడానికి పైన వేసుకునే పల్చటి బనీన్లు) 16కి 1,500, కోన్లు, పంపు, సూదులు 1,000. మిగిలింది ఫస్ట్ ఎయిడ్‌కి. జెర్సీలు ఇందులో లేవు, కావాలనే వదిలేశా. మొదటి డబ్బు జెర్సీకి పోయిందంటే ఫోటో బాగుంటుంది, ఆట ఉండదు.

---

డాలస్_నాన్న

ఇక్కడ మా పిల్లల లీగులో ప్రతి సీజన్ చివర జతలు జతలుగా స్టడ్ బూట్లు పడేస్తుంటారు, పెద్దగా అరగనివి. 30, 40 జతలు పోగుచేసి పంపించొచ్చా? పార్సిల్ ఖర్చు మేం చూసుకుంటాం.

---

ఫిజియో_ఓరుగల్లు

అన్నా, ఆ బూట్లు పంపకండి. అక్కడ పడేసేవి ఎక్కువగా పచ్చిక మీద దిగబడే పొడుగు స్టడ్‌లవి. మొరం మీద స్టడ్ లోపలికి దిగదు, బరువంతా ఆ నాలుగైదు మొనల మీద నిలుస్తుంది. 9 నుంచి 14 ఏళ్ల మధ్య మడమ ఎముక ఇంకా పెరిగే దశలో ఉంటుంది. ఆ అదురుకి మడమ నొప్పి వచ్చి పిల్ల కుంటడం మొదలుపెడుతుంది, రెండు నెలలు ఆట పోతుంది. పైగా సైజులు కలవవు, కస్టమ్స్ తలనొప్పి అదనం. అదే డబ్బుతో ఇక్కడ టర్ఫ్ బూట్లు కొనిస్తే మంచిది. అడుగున చిన్న చిన్న రబ్బరు బుడిపెలు బోలెడు ఉంటాయి, జత 700 నుంచి 1,000. అవి దొరికేదాకా మామూలు కాన్వాస్ బూట్లు నయం. మొరం మీద వట్టికాళ్ల ఆట మాత్రం వద్దు.

ఇక పీఈటీ సార్‌కి, బట్టల గొడవ గురించి. నిక్కరు వేసుకోవాలంటే ఎనిమిదో తరగతి అమ్మాయి ఇంట్లో ఒప్పుకోకపోవచ్చు. నిబంధనలు చదివితే ఇది అసలు గొడవే కాదు. నిక్కరు లోపల లెగ్గింగ్ వేసుకోవచ్చు, నిక్కరు రంగే ఉండాలి, టీంలో వేసుకున్నవాళ్లందరిదీ ఒకే రంగు కావాలి. తలకి స్కార్ఫ్ కూడా 2014 నుంచి నిబంధనల్లోనే ఉంది: నలుపు లేదా జెర్సీ రంగు, పిన్నులు లేకుండా తలకి అంటుకుని ఉండేది, జెర్సీకి కుట్టనిది. ఈ రెండు మాటలు తల్లిదండ్రుల మీటింగ్‌లో ముందే చెప్పండి. నిక్కర్లు నల్లవో ముదురు నీలివో తీసుకోండి, తెల్లవి మాత్రం వద్దు. నెలసరి రోజుల్లో సగం మంది రాకపోవడానికి నొప్పి కన్నా మరక భయమే ఎక్కువ. స్టాఫ్ రూంలో కాకుండా పిల్లలే తీసుకునే చోట, అడగాల్సిన పని లేకుండా, ఒక డబ్బాలో ప్యాడ్లు పెట్టండి. గొళ్లెం పడే బాత్రూం, అందులో నీళ్లు, మూత ఉన్న చెత్తబుట్ట. గోల్‌పోస్టుల కన్నా ముందు చూడాల్సినవి ఇవే.

నగల విషయంలో మాత్రం మినహాయింపు లేదు. ముక్కుపుడక, చెవిపోగులు, పట్టీలు, గాజులు, చేతికి కట్టిన దారం అన్నీ తీయాల్సిందే. టేపు అతికిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, ఒప్పుకోరు. జోనల్ మ్యాచ్ రోజు పొద్దున ముక్కుపుడక ఊడిరాక అమ్మాయి గీత బయట కూర్చోవడం మామూలే. కొత్తగా కుట్టించిన ముక్కు మానకముందు పుడక తీస్తే రంధ్రం పూడుకుపోతుంది, అందుకే ఇంట్లో తియ్యనివ్వరు. ముక్కు కుట్టించేదుంటే వేసవి సెలవుల మొదట్లోనే కుట్టించమని తల్లులకి చెప్పండి, సీజన్ కల్లా మానడానికి టైం దొరుకుతుంది.

మోకాలు. ఎదిగే వయసులో అమ్మాయిలకి మోకాలి లిగమెంట్ తెగే ప్రమాదం అబ్బాయిలకన్నా ఎక్కువ. ఎగిరి దిగేటప్పుడు, చటుక్కున మలుపు తిరిగేటప్పుడు మోకాలు లోపలికి పడటం ఒక ముఖ్య కారణం. ఫిఫా 11+ అని ఒక వార్మప్ ఉంది, 20 నిమిషాలు: 8 నిమిషాల పరుగులు, 10 నిమిషాలు బలం, బ్యాలెన్స్, దూకుళ్లు, 2 నిమిషాల వేగం పరుగులు. వారానికి కనీసం రెండుసార్లు. సామాను ఏమీ అక్కర్లేదు. చూడాల్సింది ఒక్కటే: ఒంటికాలి మీద కొద్దిగా వంగమన్నప్పుడు మోకాలి చిప్ప పాదం రెండో వేలి మీదుగా ఉందా, బొటనవేలు దాటి లోపలికి జారిందా? ఎదురెదురుగా జంటలుగా నిలబెట్టి ఒకరిది ఒకరు చూసి చెప్పమనండి. నాలుగు వారాల్లో వాళ్ల కళ్లే పట్టేస్తాయి. గ్రౌండ్ చుట్టూ అయిదు రౌండ్లు కొట్టించే పాత అలవాటు మానేయండి. దానివల్ల కాళ్లు అలుస్తాయి తప్ప మోకాలికి ఒరిగేదేమీ లేదు.

"ఈ పిల్లకి స్టామినా లేదు" అనేముందు కింది కనురెప్ప లాగి లోపల పాలిపోయి ఉందేమో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం ఐరన్ మాత్ర జేబులోకి పోతోందో నోట్లోకి పోతోందో గమనించండి. అన్నం తిన్నాక వేసుకోవాలి, టీతో కాదు. సాయంత్రం ఆటకి ముందు పిడికెడు ఉడికించిన శనగలు, ఒక పల్లీ పట్టీ చాలు.

---

గట్టు_మీద_కూర్చున్నోడు

ఊరి సాయం గురించి. అందరూ ముందు సర్పంచ్ దగ్గరికి పోతారు. పోవాల్సిందే, కానీ అది రెండో గడప. తెలంగాణ బడుల్లో 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి. చైర్‌పర్సన్ గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు, కన్వీనర్ మీ హెడ్‌మాస్టరే. అంటే ఊళ్లోని ప్రతి పొదుపు సంఘానికి దారి మీ బడిలోనే ఉంది. సమాఖ్య నెల మీటింగ్‌లో పదిహేను నిమిషాలు అడగండి. ఆ మీటింగ్‌కి వచ్చేది తల్లులే. పర్మిషన్ ఇచ్చేది, ఆపేది కూడా వాళ్లే.

అడిగేటప్పుడు "సహకరించండి" అంటే తల ఊపి వెళ్లిపోతారు. పని విడగొట్టి అడగాలి. శనివారం మ్యాచ్‌కి ఇద్దరు తల్లులు గ్రౌండ్ దగ్గర గంటసేపు కూర్చోవాలి, నెలకో వంతు. ఒక సంఘం నెలకి 5 కిలోల పల్లీలు. ఒక ట్రాక్టర్ యజమాని బయటి మ్యాచ్‌కి ఆటో డీజిల్. రెండు ఇసుక బస్తాలు ఇల్లు కడుతున్నవాళ్ల దగ్గర. దేనికైనా పేరు, తేదీ రాసుకుని బడి నోటీసు బోర్డు మీద పెట్టండి. ఇచ్చినవాళ్ల పేరు బోర్డు మీద కనిపిస్తే వచ్చే నెల ఇంకొకరు తామై వస్తారు. మన ఊళ్ల తీరు తెలిసిందే కదా.

గ్రౌండ్ పంచాయితీకి నోటిమాట చాలదు. సోమ, బుధ, శుక్ర, శనివారాలు 4.25 నుంచి 5.20 అమ్మాయిలకి అని కమిటీ తీర్మానం రాయించి గేటు పక్క గోడకి పెయింట్‌తో రాయించండి. క్రికెట్ పిల్లలకి మంగళ, గురు, ఆదివారాలు మొత్తం వదిలేయండి. పూర్తిగా వెళ్లగొడితే రాత్రికి గోల్ నెట్ కోసేస్తారు.

ఇంకొకటి, ఎవరూ చెప్పరు. వరి కోతలు మొదలయ్యాయంటే మీ గ్రౌండ్ మీది కాదు. వానాకాలం పంటకి, యాసంగికి రెండుసార్లూ వడ్లు ఆరబోస్తారు, పక్కనే కొనుగోలు కేంద్రం పెడితే టార్పాలిన్లు నెల దాకా లేవవు. రైతుతో కొట్లాడి గెలిచేది లేదు, గెలవాలని చూడనూ కూడదు. ముందే ఒక మూల 30 మీటర్లు, 20 మీటర్ల జాగా మాత్రం వదలమని అడగండి. నలుగురికి నలుగురు ఆటకి అది చాలు. అసలు నేర్చుకునేది అందులోనే: పెద్ద గ్రౌండ్‌లో రెక్క వైపు, అంటే పక్క గీత దగ్గర, నిలబడ్డ పిల్లకి పది నిమిషాలకోసారి బంతి అందితే గొప్ప, నలుగురి ఆటలో తప్పించుకుందామన్నా కుదరదు.

---

అనంత_లెఫ్ట్‌వింగ్

పై వాటన్నిటికీ ఒప్పుకుంటూ ఒక లోటు చెప్తాను. మ్యాచ్‌లు. స్కూల్ గేమ్స్ సెలక్షన్ ఏడాదికి ఒక్కసారి, ఓడితే అదే ఆఖరు. ఏడాదంతా ప్రాక్టీసు చేసి ఒక్క పూట ఆడే ఆటకి ఏ అమ్మాయి నిలుస్తుంది? మా వైపు అనంతపురంలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఊరూరా జట్లు పెట్టి లీగ్ నడపడంతో వచ్చిన తేడా ఇదే. ఆడపిల్లలు వారం వారం జెర్సీ వేసుకుని బస్సెక్కడం ఊరికి అలవాటైంది. అలవాటైన దాన్ని ఎవరూ వింతగా చూడరు.

మీకు చుట్టుపక్కల నాలుగు బడులు చాలు. నాలుగు జట్లు ఒకరితో ఒకరు ఆడితే ఆరు మ్యాచ్‌లు. ఏడుగురి ఆట, 10 నిమిషాల చొప్పున రెండు సగాలు, మధ్యలో 3 నిమిషాలు. ఒక్క గ్రౌండ్ మీదే రెండున్నర, మూడు గంటల్లో అయిపోతుంది. నెలకొక శనివారం, ప్రతిసారీ వేరే ఊళ్లో. మీ ఊళ్లో జరిగిన రోజు మైకులో పిల్లల పేర్లు ఇంటిపేరుతో సహా చదివించండి, ఫలానా వాళ్ల అమ్మాయి అని. గెలుపు ఓటముల పట్టిక మొదటి ఏడాది వద్దేవద్దు. ఎక్కువమందిని ఆడించడమే మీకు కావాలి. ప్రతి అమ్మాయీ కనీసం ఒక సగం ఆడాలని నాలుగు బడుల పీఈటీలూ ముందే ఒప్పుకోవాలి. లేకపోతే గట్టి ఏడుగురే ఆడతారు, మిగతావాళ్లు మూడో నెలకి ఉండరు.

కాగితాలు ఇప్పుడే చూడండి, సెలక్షన్ ముందురోజు కాదు. పుట్టిన తేదీ బర్త్ సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో, బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో మూడు చోట్లా ఒకటే ఉండాలి. తండా పిల్లల్లో జూన్ నెల పుట్టినరోజులు ఎక్కువ, బడిలో చేర్చేటప్పుడు వేసిన తేదీ కదా. ఆధార్ మార్పుకే వారాలు పడుతుంది. రాష్ట్ర అసోసియేషన్ దారిలో జూనియర్ టోర్నీలకి పోతే అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ రిజిస్ట్రేషన్ ఐడీ కావాలి, వయసు నిర్ధారణకి మణికట్టు ఎక్స్‌రే కూడా తీస్తారు. వచ్చిన సర్టిఫికెట్లకి లామినేషన్ చేయించకండి, తర్వాత వెరిఫికేషన్‌లో వెనక స్టాంపు, సంతకం చూస్తామంటే చిక్కు. ప్లాస్టిక్ ఫోల్డర్ చాలు.

---

రహీంసాబ్_అభిమాని

ఆదర్శం సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతా. మీకు దూరం పోవాల్సిన పనే లేదు సార్. గుగులోత్ సౌమ్య మీ జిల్లా అమ్మాయి, నిజామాబాద్ తండా నుంచి వచ్చింది. గోకులం కేరళ క్లబ్బుకి ఆడింది, 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్బుకి వెళ్లింది, తర్వాత ఈస్ట్ బెంగాల్ క్లబ్బు. ఆ జట్టు 2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది, ఆ ఏడాది జాతీయ ఫెడరేషన్ ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఆమెకే వచ్చింది. 2025 జూలైలో చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ని 2-1తో ఓడించి 2026 ఆసియా కప్పుకి అర్హత సాధించిన భారత జట్టులోనూ ఉంది. హైదరాబాద్ ఫుట్‌బాల్ అనగానే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్, 1962 జకార్తా ఆసియా క్రీడలు అంటూ కూర్చునే మా తరం పెద్దలకే ఈ పేరు తెలియదు, పిల్లల్ని అని లాభం లేదు.

పోస్టర్ అంటించి వదిలేయకండి. సౌమ్య ఆడిన మ్యాచ్ క్లిప్పు పది నిమిషాలు డిజిటల్ క్లాస్‌రూంలో పెట్టండి. ఒక్కో అమ్మాయికి ఒక్కో ప్లేయర్‌ని అప్పగించి లెక్కపెట్టమనండి: బంతి అందేముందు ఎన్నిసార్లు మెడ తిప్పి చూసింది, బంతి లేనప్పుడు ఎటు పరిగెత్తింది. ఊరికే చూసిన మ్యాచ్ సినిమా అవుతుంది, లెక్కపెడుతూ చూసిన మ్యాచ్ మర్నాడు గ్రౌండ్‌లో కనిపిస్తుంది.

ఊరి పెద్దలకి చెప్పడానికి మాత్రం హర్యానాలోని అలఖ్‌పురా కథ పనికొస్తుంది. భివానీ జిల్లాలో చిన్న ఊరు. బడి వ్యాయామ ఉపాధ్యాయుడు అమ్మాయిలకి బంతి ఇవ్వడంతో మొదలై, బడి టీం సుబ్రతో కప్పు (దేశవ్యాప్త బడుల ఫుట్‌బాల్ టోర్నీ) గెలిచింది, ఊరి పేరుతో ఉన్న క్లబ్ 2016-17లో మొట్టమొదటి ఇండియన్ విమెన్స్ లీగ్ ఆడింది. సంజూ యాదవ్ ఆ ఊరి నుంచే జాతీయ జట్టుకి వచ్చింది. మొదలుపెట్టిన రోజుల్లో పెద్ద నగరం, అకాడమీ ఏవీ లేవు అక్కడ.

---

సెంటర్‌బ్యాక్_కరీంనగర్

రహీంసాబ్ గారూ, సౌమ్య పేరు ప్రతి బడిలో తెలియాల్సిందే, ఆ మాటకి తిరుగులేదు. కానీ ఆరో తరగతి పిల్లకి ఈస్ట్ బెంగాల్ కన్నా తొమ్మిదో తరగతి అక్క దగ్గర. తన వీధిలో ఉండే అక్క నెలసరి రోజుల్లో ఆడిందా, పరీక్షల్లో ఫెయిల్ కాకుండా ఆడిందా, వాళ్ల నాన్న తిట్టాడా లేదా, పిల్ల చూసేది ఇది. ఝార్ఖండ్‌లో యువా సంస్థ పనిచేసిన పద్ధతి చూడండి. 2009లో రాంచీ దగ్గరి ఊళ్లలో మొదలైంది, పెద్ద అమ్మాయిలే చిన్నవాళ్లకి కోచ్‌లు. 2013లో ఆ అమ్మాయిలు స్పెయిన్‌లో గాస్తేయిజ్ కప్పులో మూడో స్థానం తెచ్చారు, 2019లో సంస్థకి లారియస్ అనే అంతర్జాతీయ క్రీడా అవార్డు వచ్చింది.

అందుకే పీఈటీ సార్, మీ దగ్గర తొమ్మిదిలో ఉన్న ఆ ఇద్దరే మీ ఆస్తి. ఒక్కొక్కరికి ఆరుగురు చిన్నపిల్లల్ని అప్పగించండి, హాజరు పుస్తకం వాళ్ల చేతికే ఇవ్వండి. రెండు రోజులు రాని పిల్ల ఇంటికి మీరు కాదు, ఆ అక్క వెళ్లాలి. మీరు వెళ్తే తండ్రి బయటికొచ్చి మర్యాదగా "పంపిస్తాం సార్" అంటాడు. ఆ అక్క వెళ్తే తల్లి లోపలికి పిలిచి అసలు కారణం చెప్తుంది. ఇంటర్‌లో ఉన్న పాత విద్యార్థినులు ఎవరైనా ఊళ్లో ఉంటే శనివారాలు రెఫరీగా పిలవండి, 18 నిండాక ఫెడరేషన్ డి లైసెన్స్ కోచింగ్ కోర్సుకి వెళ్లొచ్చు. ఆదర్శం అంటూ వాళ్లకి సన్మానాలు, శాలువాలు మాత్రం వద్దు. ఆ బరువుకి ఆట పాడవుతుంది.

---

ఇందూరు_పీఈటీ

అందరికీ ధన్యవాదాలు. బాత్రూం గొళ్లెం ఇవాళే వేయించాం, ప్యాడ్ల డబ్బా రేపు. సమాఖ్య మీటింగ్ వచ్చే మంగళవారం, మా హెడ్‌మాస్టర్ మేడం కూడా వస్తామన్నారు. పక్క మండలం రెండు బడులు శనివారం మ్యాచ్‌కి ఒప్పుకున్నాయి, నాలుగోదాని కోసం చూస్తున్నా. తొమ్మిదో తరగతి ఇద్దరికీ హాజరు పుస్తకాలు ఇచ్చేశా.

ఒక్క సందేహం, మేస్త్రి గారికి. మా వెల్డర్ పక్క బార్లు 1.10 ఎందుకు, 90 సెంటీమీటర్లు చాలు, జాగా కలిసొస్తుంది అంటున్నాడు. సరేననమంటారా?

---

మైదానం_మేస్త్రి

అనకండి. వెనక కాలు ఎంత దగ్గరికొస్తే గోల్ అంత తేలిగ్గా ముందుకి ఒరుగుతుంది. పైగా మూడో పైపులో మిగిలే ముక్కలు దేనికీ అక్కరకు రావు, రూపాయి మిగలదు. 1.10 మీద గట్టిగా నిలబడండి. వెల్డింగ్ అయ్యాక షెడ్డులోనే ఇద్దరు పెద్దవాళ్లు పైబారు పట్టుకుని ముందుకి లాగి చూడండి, ముందు బస్తాలు లేకుండా, తర్వాత బస్తాలతో. ఆ తేడా వెల్డర్‌ని కూడా చూడమనండి.